‘ఇవ్వండి’లోని ‘అండి’ ఇంగ్లీషులో ఎక్కడుంది?

చదువుకుంటున్న మన పిల్లలకూ, వాళ్ళకు తోడుగా ఆఫీసుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులకూ పనికొస్తుందని ఈ పాఠం రాస్తున్నాం. ఇంగ్లీషులో ఎవరినైనా ఒక సాయం, ఒక కాగితం, ఒక గడువు అడగవలసి వస్తే ఏ సహాయక క్రియ వాడాలి అన్నదే ఇందులోని విషయం. ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాం. ఇంగ్లీషు అక్షరాలు రాని తల్లి కూడా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించవచ్చు.

నెల్లిమర్ల చిన్న ఊరే. అయినా ఇంగ్లీషుతో పని పడని ఇల్లు ఇప్పుడు తక్కువ. జూట్ మిల్లు కార్మికుడి కొడుకు విశాఖపట్నంలో ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఆస్పత్రిలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన డాక్టరుతో అమ్మ జబ్బు గురించి మాట్లాడాలి. గల్ఫ్‌లో ఉన్న అన్న తనకు రావలసిన జీతం గురించి కంపెనీకి మెయిల్ పంపాలి. అలాంటి చోట ఎదుటివారికి మన తెలుగు తెలియదు, మన పెంపకం తెలియదు. మనం పలికిన ఒకటి రెండు వాక్యాలను బట్టే మనమెలాంటి వాళ్ళమో వారు లెక్కకడతారు.

‘గివ్ మి ది ఫారమ్’ అని కౌంటరు దగ్గర అడిగిన కుర్రవాడు పొగరుబోతు కాకపోవచ్చు. మనసులో ‘ఫారం ఇవ్వండి సార్’ అనే అనుకుని ఉంటాడు. తెలుగులోంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘ఇవ్వు’ మాత్రం చేరింది, ‘అండి’ దారిలో జారిపోయింది. ఆ జారిపోయిన ‘అండి’ని ఇంగ్లీషులో ఎక్కడ తిరిగి పెట్టాలో తెలిస్తే ఈ పాఠం సగం వచ్చినట్టే.

మూడు భాషల్లో మర్యాద

మన ఇళ్ళలో చాలామందికి తెలుగూ ఉర్దూ రెండూ వచ్చు. ఈ రెండింటిలో మర్యాద ఎక్కడ ఉంటుందో ముందు చూద్దాం.

తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ వేరు. ‘ఇయ్యి’ వేరు, ‘ఇవ్వండి’ వేరు. క్రియ చివర ‘అండి’ చేరితే చాలు, ఆజ్ఞ కాస్తా మనవి అవుతుంది. మన విజయనగరం వైపు ‘బాబూ’, ‘తల్లీ’, ‘మాస్టారూ’ అని ఒక్క పిలుపు చేర్చితే ఆ మాట ఇంకా మెత్తబడుతుంది. ఉర్దూలో ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’ అని మూడు మెట్లు. వాటికి తగ్గట్టు ‘దే’, ‘దో’, ‘దీజియే’ అని క్రియ మారుతుంది. ఇంకా సున్నితంగా చెప్పాలంటే ‘దీజియేగా’ అంటారు. ఇంట్లో మాట్లాడే దక్కనీలో రూపాలు కొంత మారినా, అదబు తెలిసినవారు పెద్దలతో ‘ఆప్’ను వదలరు.

ఇంగ్లీషులో ఇప్పుడు వాడుకలో ఉన్నది ‘యూ’ ఒక్కటే. తమ్ముడికీ ‘యూ’, కలెక్టరుకీ ‘యూ’. ఒకప్పుడు ‘దౌ’ అనే ఏకవచన రూపం ఉండేది. అది మామూలు మాటల్లోంచి ఎప్పుడో పోయింది. క్రియ చివర చేర్చడానికి ‘అండి’ లాంటి ప్రత్యయమూ లేదు. కాబట్టి ఇంగ్లీషు ఆ పనిని చాలావరకు సహాయక క్రియలకు అప్పగించింది. కెన్, కుడ్, విల్, వుడ్, మే, మైట్ వంటివి ఇవి. వ్యాకరణంలో వీటిని మోడల్ క్రియలంటారు. మనకు ‘అండి’ చేసే పనిని ఇంగ్లీషు వాళ్ళకు ‘కుడ్ యూ’ చేస్తుంది.

మరి ఈ క్రియలకు ఆ మెత్తదనం ఎలా వచ్చింది? ‘గివ్ మి’ అంటే ఎదుటివారికి ఒకటే దారి, ఇవ్వడం. ‘కుడ్ యూ గివ్ మి?’ అంటే అది ప్రశ్న. ప్రశ్నకు అవుననీ చెప్పవచ్చు, కాదనీ చెప్పవచ్చు. ‘కాదనే వీలు మీకుంది, అయినా అడుగుతున్నాను’ అని ఆ వాక్యం లోపల చెబుతోంది. ఇంగ్లీషు వినయమంతా దాదాపు ఇక్కడే ఉంది. ఎదుటివారికి కాదనే వీలు ఎంత ఎక్కువ ఇస్తే అడిగిన మాట అంత మర్యాదగా వినిపిస్తుంది.

జంటలు గుర్తుపెట్టుకోండి

కెన్ – కుడ్, విల్ – వుడ్, మే – మైట్, షల్ – షుడ్. ఈ జంటల్లో రెండోది మొదటిదానికి పుట్టుకతో భూతకాల రూపం. బడిలో ‘కుడ్ అంటే గలిగెను’ అని నేర్పుతారు. అందుకే ‘రేపు రాగలరా?’ అని అడిగేటప్పుడు ‘కుడ్’ ఎందుకు వస్తుందని పిల్లలు తికమకపడతారు.

తెలుగులోనూ ఇలాంటిది ఉంది. పెద్దవారి దగ్గరికి వెళ్ళి ‘మిమ్మల్ని ఒక మాట అడుగుతాను’ అని మొదలుపెట్టం. ‘ఒక మాట అడుగుదామని వచ్చానండి’ అంటాం. వచ్చింది ఇప్పుడే, అడిగేదీ ఇప్పుడే. అయినా మాటను ఒక అడుగు వెనక్కి పెడతాం. ఆ వెనకడుగులోనే గౌరవం ఉంది. ‘కెన్’ను ‘కుడ్’ చేయడం, ‘విల్’ను ‘వుడ్’ చేయడం ఆ వెనకడుగే. అక్కడ కాలంతో పని లేదు.

ఒకే మనవి, ఆరు మెట్లు

కాలేజీ ఆఫీసులో బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి. దాన్ని ఇన్ని రకాలుగా అడగవచ్చు.

1. ‘గివ్ మి ది సర్టిఫికెట్.’ ఇది ఆజ్ఞ.

2. ‘ప్లీజ్ గివ్ మి ది సర్టిఫికెట్.’ ప్లీజ్ చేరింది గాని కాదనే వీలు ఇవ్వలేదు. మెత్తటి ఆజ్ఞ అనుకోవచ్చు.

3. ‘కెన్ యూ గివ్ మి ది సర్టిఫికెట్?’ ఇక్కడి నుంచి మనవి మొదలవుతుంది. స్నేహితులతో, తెలిసినవారితో సరిపోతుంది.

4. ‘కుడ్ యూ ప్లీజ్ గివ్ మి ది సర్టిఫికెట్?’ కొత్తవారితో, ఆఫీసులో, పెద్దలతో దాదాపు ఎక్కడైనా చెల్లే వాక్యం.

5. ‘వుడ్ ఇట్ బి పాసిబుల్ టు గెట్ ది సర్టిఫికెట్ టుడే?’ ఈ రోజే కావాలని కాస్త ఎక్కువ అడుగుతున్నాం కనుక ఇంకో మెట్టు ఎక్కాం. ‘ఈ రోజు వీలవుతుందాండీ?’ అన్నట్టు.

6. ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ గివ్ మి ది సర్టిఫికెట్ టుడే.’ ఇది ఎక్కువగా ఉత్తరాల్లో, మెయిళ్ళలో వాడేది.

పై మెట్టు ఎప్పుడూ మంచిదే అనుకోకండి. అన్నం తింటూ పక్కనున్న తమ్ముణ్ణి ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ పాస్ ది సాల్ట్’ అంటే వాడు వెక్కిరిస్తున్నారనుకుంటాడు. ఇంట్లో అమ్మను ‘తమరు దయచేసి మంచినీళ్ళు ఇప్పించవలెను’ అన్నట్టుంటుంది. మరి ఏ మెట్టు ఎక్కడ?

మూడు ప్రశ్నలు వేసుకోండి

పెనిలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషాశాస్త్రవేత్తలు మర్యాద మాటల మీద చేసిన అధ్యయనం 1987లో పుస్తకంగా వచ్చింది. వాళ్ళు ముఖ్యంగా పరిశీలించిన మూడు భాషల్లో ఇంగ్లీషు ఒకటి, మెక్సికోలోని సెల్తాల్ ఒకటి, మూడోది మన పొరుగు తమిళం. ఇద్దరి మధ్య ఉన్న దూరం, ఒకరి మీద ఒకరికున్న అధికారం, అడిగే పని బరువు అనే మూడింటిని బట్టి మర్యాద పెరుగుతుందని వాళ్ళు చెప్పారు. దీన్ని మన వాడుకకు తగ్గట్టు మూడు ప్రశ్నలుగా మార్చుకుందాం.

మొదటిది, ఎవరిని అడుగుతున్నాం? స్నేహితుడైతే ‘కెన్ యూ’. కొత్తవారు, పెద్దవారు, అధికారి అయితే ‘కుడ్ యూ’.

రెండోది, ఎంత బరువైన పని? పెన్ను అడగడం వేరు, వెయ్యి రూపాయలు అడగడం వేరు. ప్రాణస్నేహితుణ్ణే అయినా డబ్బు అడిగేటప్పుడు ‘కెన్ యూ లెండ్ మి’ కన్నా ‘డు యూ థింక్ యూ కుడ్ లెండ్ మి’ అనడం మేలు. అధికారినే అయినా ‘తేదీ ఏమిటి?’ అని అడగడానికి ‘కుడ్ యూ టెల్ మి ది డేట్, ప్లీజ్?’ చాలు.

మూడోది, ఎవరికి మేలు? ఇది చాలామంది గమనించరు. మేలు మనకైతే మోడల్ క్రియ కావాలి. మేలు ఎదుటివారికైతే నేరుగా చెప్పడమే మర్యాద. ఈద్ రోజు ఇంటికి వచ్చిన అతిథికి ‘కుడ్ యూ ఈట్ సమ్ షీర్ ఖుర్మా?’ అంటే ఆయన తినడం మనకేదో ఉపకారమన్నట్టు ఉంటుంది. ‘ప్లీజ్ హావ్ సమ్ షీర్ ఖుర్మా’ అనాలి. ‘ప్లీజ్ కమ్ ఇన్’, ‘ప్లీజ్ సిట్ డౌన్’ కూడా ఇంతే. ‘యూ మస్ట్ కమ్ టు అవర్ హౌస్ ఫర్ ఈద్’ అన్నప్పుడు ‘మస్ట్’ కూడా ఆప్యాయంగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ బలవంతం మన లాభానికి కాదు.

ప్రమాదం వచ్చినప్పుడు ఈ లెక్కలేవీ లేవు. ‘ప్లీజ్ కాల్ ఎ డాక్టర్!’ అని అరవడమే సరి.

ఏ క్రియ ఏ పనికి

కెన్, కుడ్: ‘మీకు వీలవుతుందా?’ అని అడిగేవి. ఎదుటివారికి తీరిక, అధికారం, అవకాశం ఉందో లేదో మనకు తెలియనప్పుడు ‘కుడ్ యూ’ సరైనది. వారు కాదనవలసి వచ్చినా ‘నాకు ఇష్టం లేదు’ అని చెప్పనక్కరలేదు, ‘వీలు కాదు’ అంటే చాలు. అడిగినవారికీ చిన్నతనం ఉండదు. ఒక్క రూపమే నేర్చుకునే ఓపిక ఉంటే ఇదే నేర్చుకోండి.

విల్, వుడ్: ‘మీరు చేస్తారా?’ అని ఇష్టాన్ని అడిగేవి. తెలుగులో ‘ఇస్తారా?’ ఎంతో మర్యాద. దాన్ని ‘విల్ యూ గివ్ మి?’ అని మారిస్తే, గొంతును బట్టి కొన్నిసార్లు ఆజ్ఞలాగో విసుగులాగో తోస్తుంది. ‘వుడ్ యూ ప్లీజ్ సైన్ హియర్?’ అనండి. ఆ పని వారి చేతిలో ఉందని తెలిసినప్పుడు ‘వుడ్’ బాగుంటుంది. ‘ఐ వాంట్’కు బదులు ‘ఐ వుడ్ లైక్’ అనడం కూడా ఇందులోదే. ‘ఐ వాంట్ టు సీ ది డాక్టర్’ అంటే పట్టుబట్టినట్టు ఉంటుంది. ‘ఐ వుడ్ లైక్ టు సీ ది డాక్టర్, ప్లీజ్’ అంటే సరిపోతుంది.

మే: అనుమతి అడగడానికి. ‘మే ఐ కమ్ ఇన్, సర్?’ బడిలో అందరికీ వచ్చినదే. ‘కెన్ ఐ’, ‘కుడ్ ఐ’, ‘మే ఐ’ మూడూ అనుమతికే. మొదటిది మామూలు, రెండోది మర్యాద, మూడోది మరింత లాంఛనం. అయితే మనవిలో ‘మే’ పక్కన ‘ఐ’ గాని ‘వి’ గాని రావాలి, ‘యూ’ రాకూడదు. ‘మే యూ హెల్ప్ మి?’ అనేది తప్పు. ‘మే యూ’తో మొదలైతే అది ‘మీరు వర్ధిల్లాలి’ లాంటి దీవెన అవుతుంది.

మైట్: ‘మైట్ ఐ’ పాతకాలపు మాట, ఇప్పుడు అరుదు. వింటే అర్థమైతే చాలు.

షల్: ‘షల్ ఐ బ్రింగ్ సమ్ టీ?’ అంటే ‘టీ తెమ్మంటారా?’ అని. సాయం చేయబోయేటప్పుడు వాడేది, అడిగేటప్పుడు కాదు.

షుడ్, మస్ట్: మొదటిది సలహా, రెండోది తప్పనిసరి. పని అడగడానికి ఈ రెండూ పనికిరావు.

తెలుగు నుంచి వచ్చే చిక్కులు

తెలుగులో మర్యాదే, ఇంగ్లీషులోకి మార్చగానే తేడాగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

‘కాస్త నీళ్ళివ్వండి’ అంటాం. ఇక్కడ ‘కాస్త’ నీళ్ళ కొలత కాదు, అడిగే గొంతును తగ్గించే మాట. దాన్ని ‘గివ్ లిటిల్ వాటర్’ అంటే నీళ్ళు తగ్గాయి గాని గొంతు తగ్గలేదు. ‘కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?’ అనాలి.

‘ఒకసారి చూడరూ?’, ‘కాస్త సంతకం పెట్టకూడదూ?’ అని బతిమాలతాం. తెలుగులో వ్యతిరేక ప్రశ్న ముద్దుగా ఉంటుంది. ఇంగ్లీషులో ‘కాంట్ యూ సైన్?’, ‘వోంట్ యూ సీ?’ అంటే ‘ఆ మాత్రం చేయలేరా?’ అని దెప్పినట్టు వినిపించవచ్చు. మనవిలో ‘కాంట్’, ‘వోంట్’ వదిలేయండి.

‘మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను’ అని అర్జీలో రాస్తాం. ‘వలసిందిగా’ను చూసి పిల్లలు ‘యూ షుడ్ శాంక్షన్’, ‘యూ హావ్ టు శాంక్షన్’ అని రాస్తారు. అధికారికి సలహా చెప్పినట్టు, లేదా హుకుం వేసినట్టు అవుతుంది. ‘ఐ రిక్వెస్ట్ యూ టు శాంక్షన్’ అన్నా సరే, ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ శాంక్షన్’ అన్నా సరే.

‘కెన్ యూ ఏబుల్ టు కమ్?’ అనకండి. ‘కెన్’ అన్నా ‘ఏబుల్ టు’ అన్నా ‘గలరు’ అనే అర్థమే. ‘రాగలగగలరా’ అన్నట్టు ఉంటుంది. ‘కుడ్ యూ కమ్?’ లేదా ‘వుడ్ యూ బి ఏబుల్ టు కమ్?’ అనండి.

‘వుడ్ యూ మైండ్ వెయిటింగ్ ఫర్ ఫైవ్ మినిట్స్?’ అని రిసెప్షన్‌లో అడుగుతారు. ‘ఐదు నిమిషాలు ఆగడం మీకు ఇబ్బందా?’ అని దీని అర్థం. ఆగడానికి సిద్ధమైతే ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. ‘యెస్’ అంటే ‘అవును, ఇబ్బందే’ అని చెప్పినట్టు. ఇక్కడ ‘మైండ్’ తర్వాత ‘వెయిట్’ రాదు, ‘వెయిటింగ్’ వస్తుంది.

ఇక బదులు చెప్పే పద్ధతి. అడిగేటప్పుడు ‘కుడ్’, అనుమతి ఇచ్చేటప్పుడు ‘కెన్’. ‘కుడ్ ఐ లీవ్ ఎర్లీ టుడే?’ అంటే ‘యెస్, యూ కెన్’ లేదా ‘ఆఫ్ కోర్స్’ అనాలి. ‘యెస్, యూ కుడ్’ అనరు. అడిగేవారే వెనకడుగు వేయాలి, ఇచ్చేవారికి ఆ అవసరం లేదు.

అర్జీ రాసేటప్పుడు

కంపెనీ కాలం నుంచి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మన ఆఫీసుల్లో అర్జీల ఇంగ్లీషు ఒకటి పాతుకుపోయింది. ‘ఐ మోస్ట్ హంబ్లీ బెగ్ టు స్టేట్’, ‘యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్’ వంటివి దాని గుర్తులు. ఏలినవారి ముందు ఏలుబడిలో ఉన్నవారు రాసుకున్న భాష అది. ఇప్పుడు ఆ అవసరం లేదు. ‘బెగ్’ అంటే అడుక్కోవడం. స్కాలర్‌షిప్‌కు అర్హత ఉన్న పిల్ల దాన్ని అడుక్కోనక్కరలేదు, మర్యాదగా అడిగితే చాలు.

వాడుకలో ఉన్న భాషనే నేర్పాలి అనే మాట మన ప్రాంతానికి కొత్తది కాదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు ఆ మాట కోసమే పోరాడారు. జనం మాట్లాడని తెలుగును బడుల్లో రుద్దడం సరికాదన్నారు. వాళ్ళు తెలుగు గురించి చెప్పింది మన ఇంగ్లీషుకూ వర్తిస్తుంది. నేటి ఆఫీసుల్లో, కంపెనీల్లో నడుస్తున్న ఇంగ్లీషులో రాద్దాం. ఆ భాషలో వినయానికి ‘బెగ్’ అవసరం లేదు, ‘కుడ్’, ‘వుడ్’ చాలు.

పరీక్ష ఫీజుకు గడువు కోరుతూ ఒక డిగ్రీ విద్యార్థి రాయదగిన ఉత్తరం ఇది.

‘డియర్ సర్, ఐ యామ్ ఎ సెకండ్ ఇయర్ బి.కామ్. స్టూడెంట్. మై ఫాదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్, అండ్ ఐ హావ్ నాట్ బీన్ ఏబుల్ టు పే ది ఎగ్జామినేషన్ ఫీ. కుడ్ యూ ప్లీజ్ అలౌ మి టు పే ఇట్ బై ది ట్వెంటీయెత్ ఆఫ్ దిస్ మంత్? ఐ హావ్ అటాచ్డ్ ది హాస్పిటల్ పేపర్స్. ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఫర్ యువర్ హెల్ప్. యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ.’

ఇందులో ఎవరు రాస్తున్నారో ఒక వాక్యం, కారణం ఒక వాక్యం, మనవి ఒక వాక్యం. తేదీ స్పష్టంగా ఉంది, ఆధారం జతచేసి ఉంది. మర్యాదంతా ‘కుడ్’, ‘వుడ్’ అనే రెండు మాటల్లో ఇమిడింది. చదివే అధికారికి అరనిమిషం పడుతుంది.

హక్కుగా రావలసినదాన్ని అడగడం ఇంకో రకం. జీతం రాని అన్న కంపెనీకి రాసేటప్పుడు కోపంతో ‘యూ మస్ట్ పే’ అని రాయవచ్చు, భయంతో ‘కైండ్లీ హావ్ మెర్సీ’ అని రాయవచ్చు. రెండూ పనిని వెనక్కే లాగుతాయి. జరిగినదాన్ని జరిగినట్టు చెప్పి, జవాబును మర్యాదగా అడగాలి. ‘మై శాలరీ ఫర్ ద లాస్ట్ టూ మంత్స్ హాజ్ నాట్ బీన్ పెయిడ్. కుడ్ యూ ప్లీజ్ లెట్ మి నో బై థర్స్‌డే వెన్ ఇట్ విల్ బి పెయిడ్?’ మొదటి వాక్యంలో మోడల్ క్రియ లేదు, అది నిజం కనుక మెత్తబరచనక్కరలేదు. రెండో వాక్యంలో ‘కుడ్’ ఉంది, అయినా తేదీ కూడా ఉంది. మర్యాదగా అడిగినంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదు. పైగా ఆ మెయిల్ రేపు ఏ అధికారి చేతికి వెళ్ళినా రాసినవారి మాటలో వంక పెట్టడానికి ఏమీ ఉండదు.

ఇచ్చేవారికీ ఇదే పాఠం

అడగడం గురించి ఇంత రాసి, ఇచ్చే స్థానంలో ఉన్న మనలాంటివారి మాట చెప్పకపోతే పాఠం పూర్తికాదు. సేవాసంఘాల దగ్గరికి సాయానికి వచ్చేవారిని మనమూ చాలా అడుగుతాం. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, మార్కుల జాబితా, భర్త మరణ ధ్రువపత్రం. ఇంగ్లీషులో అచ్చువేసే ఫారాల మీద ‘యూ మస్ట్ ప్రొడ్యూస్’, ‘షుడ్ బి సబ్మిటెడ్’ అని రాయడం అలవాటు. నిబంధన అయితే అలా రాయడం వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. అయితే చేయి చాచలేక చాచిన మనిషి చదివే కాగితం అది. ‘ప్లీజ్ బ్రింగ్ దీజ్ పేపర్స్ విత్ యూ’ అన్నా నిబంధన నిబంధనగానే ఉంటుంది. ఎదురుగా కూర్చున్నప్పుడు ‘కుడ్ యూ టెల్ అస్ ఎ లిటిల్ అబౌట్ యువర్ ఫ్యామిలీ?’ అని అడగవచ్చు. తెలుగులో అయినా ‘చెప్పు’ బదులు ‘చెబుతారా అమ్మా’ అనవచ్చు. కాదనే వీలు లేనివారితో ఈ మాత్రం జాగ్రత్త మరింత అవసరం.

సాధన

కింది తెలుగు మాటలను ఇంగ్లీషులో ఎలా అంటారో ముందు మీరే రాసుకుని, తర్వాత జవాబులు చూడండి.

1. (బ్యాంకులో) ఈ ఫారం నింపడంలో కాస్త సాయం చేస్తారా?
2. (టీచరుతో) రేపు సెలవు తీసుకోవచ్చాండీ?
3. (స్నేహితుడితో) నీ పెన్ను ఓసారి ఇస్తావా?
4. (డాక్టరుతో) ఇంకోసారి నెమ్మదిగా చెబుతారా?
5. (ఇంటికి వచ్చిన పెద్దాయనతో) కూర్చోండి, టీ తెమ్మంటారా?
6. (ఇంటర్వ్యూలో) ప్రశ్న మళ్ళీ ఒకసారి చెప్పగలరా?

జవాబులు:

1. ‘కుడ్ యూ ప్లీజ్ హెల్ప్ మి ఫిల్ ఇన్ దిస్ ఫారమ్?’
2. ‘మే ఐ టేక్ లీవ్ టుమారో, మేడమ్?’ లేదా ‘కుడ్ ఐ టేక్ లీవ్ టుమారో?’
3. ‘కెన్ ఐ బారో యువర్ పెన్?’ మనం తీసుకునేది ‘బారో’, వాళ్ళు ఇచ్చేది ‘లెండ్’.
4. ‘కుడ్ యూ సే దట్ అగైన్ స్లోలీ, ప్లీజ్?’
5. ‘ప్లీజ్ సిట్ డౌన్. షల్ ఐ బ్రింగ్ సమ్ టీ?’
6. ‘కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ది క్వశ్చన్?’

నాలుగో వాక్యం, ఆరో వాక్యం ముందు నేర్చుకోండి. అర్థం కాకపోతే తల ఊపి ఊరుకోవడం మనవాళ్ళలో ఉన్న అలవాటు. మందు ఎన్నిసార్లు వేసుకోవాలో తెలియకుండా ఆస్పత్రి నుంచి రావడం, ప్రశ్న తెలియకుండా ఇంటర్వ్యూలో జవాబు చెప్పడం రెండూ నష్టమే. మళ్ళీ చెప్పమని అడగడంలో తక్కువతనం ఏమీ లేదు. ‘కుడ్ యూ’ అని మొదలుపెడితే అడగడానికి ధైర్యమూ వస్తుంది.

రోజుకు పది నిమిషాలు చాలు. రాత్రి భోజనాల తర్వాత ఇంట్లో ఒకరు కౌంటరు దగ్గర గుమాస్తా, ఒకరు పని మీద వచ్చినవారు అనుకుని ఈ వాక్యాలు పైకి అనండి. తర్వాత వేషాలు మార్చుకోండి. గుమాస్తా వేషం వేసినవారు ఒకసారి ‘గివ్ మి’ విని, మరోసారి ‘కుడ్ యూ’ విని, రెండింటికీ తమ మనసెలా స్పందించిందో చెప్పాలి. ఆ తేడా చెవికి పట్టిన పిల్లలకు ఈ పాఠంలోని నియమాలు విడిగా బట్టీ పట్టే పని ఉండదు.